ఇబ్రాలో తాయెత్తు లేదు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలం. జనవరి నెల. మస్కట్‌లోని ఒక ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీలో నేను అప్పటికి చాలా ఏళ్ళుగా ప్లాంట్ ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని. విల్లాలకు, హోటళ్ళకు, ఆఫీసులకు తోటలు వేసి ఏడాది పొడవునా చూసుకోవడం కంపెనీ పని. ఆ తోటల్లో ఏ మొక్కకు జబ్బు చేసినా కారణం తేల్చి మందు నిర్ణయించడం నా పని. హోదాలో నేను సైట్ సూపర్‌వైజర్లకు పైన, ఆపరేషన్స్ మేనేజర్‌కు కింద. స్టోర్ నుంచి పురుగుమందు గానీ తెగులుమందు గానీ బయటికి రావాలంటే నా సంతకం ఉండాలి. మొక్క నాటేదీ నేను కాదు, నీళ్ళు పెట్టేదీ నేను కాదు. చచ్చిపోతే ఎందుకు చచ్చిందో చెప్పాల్సింది మాత్రం నేనే.

ఆ నెలలో నగరంలోనే ఉన్న బౌషర్‌లోని ఒక విల్లా నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫోన్ చేసింది అక్కడి సూపర్‌వైజర్ కోటేశ్వరరావు. గుంటూరు వైపు మిరప పొలాల్లో పెరిగిన మనిషి. పనిమంతుడు, మాటకారి.

"మేడమ్ గారూ, మీరొకసారి రావాలండి. లిల్లీ ఆకులు రక్తం కక్కుతున్నాయండి."

ఆకుల్లో రక్తం ఉండదని చెప్పాను.

"ఉండదనే కదండీ మా భయం" అన్నాడు.

ఆ విల్లా ఉమ్ సాలిమ్ గారిది. ఉమ్ సాలిమ్ అంటే సాలిమ్ వాళ్ళ అమ్మ. అక్కడ పెద్ద వయసు స్త్రీలను కొడుకు పేరుతో అలా పిలవడం మర్యాద. ఆమె సైన్సు టీచరుగా మొదలై హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. కాంపౌండు గోడ వెంట మూడు మళ్ళలో లిల్లీలు పెంచేవారు. అంతకు ముందు అక్టోబరులో మా కంపెనీ ద్వారా కొత్త దుంపలు తెప్పించి ఆ మళ్ళన్నీ కొత్తగా నాటించారు.

లిల్లీ అంటే మనవాళ్ళకు దండల్లో గుచ్చే తెల్లపూలు గుర్తొస్తాయి. ఇవి అవి కావు. ఉల్లిగడ్డ లాంటి దుంప, పట్టీల్లాంటి ఆకులు, మధ్యలో ఒక బోలు కాడ, దాని చివర గ్రామఫోను గొట్టాల్లాంటి ఎర్రటి పూలు. నర్సరీ వాళ్ళు అమరిల్లిస్ లిల్లీ అంటారు. శాస్త్రం వీటిని అసలు లిల్లీల కుటుంబంలో చేర్చదు. తోట ఉన్నవాళ్ళకు ఆ గొడవ అక్కర్లేదు, లిల్లీ అంటారు. నేనూ అదే అంటాను.

నేను వెళ్ళేసరికి గేటు బయట కంపెనీ పికప్‌లో తోటమాలి మస్తాన్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కడప మనిషి. యాభై దాటాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు. ఆ విల్లా తోటను ఏళ్ళ తరబడి అతనే చూస్తున్నాడు. ఎప్పుడు వెళ్ళినా ఎదురొచ్చి సంచీ అందుకునే మనిషి, ఆ రోజు తల కూడా ఎత్తలేదు. గేటు లోపలికి రావొద్దన్నారని తరువాత తెలిసింది.

కోటేశ్వరరావు నన్ను మళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ఆకులు చూపించక ముందే జేబులోంచి ఒక టిష్యూ కాగితం తీసి విప్పాడు. అందులో నల్లదారం, దానికి చిన్న రేకు గొట్టం. తాయెత్తు.

"దుంపల పక్కన మట్టిలో దొరికిందండి. సాయిబుది. శుక్రవారం డ్యూటీ వెయ్యొద్దని నాతో గొడవ పెట్టుకున్నాడండి. ఆ తరువాతే ఇదంతా. చేతబడి కాకపోతే ఏందండి ఇది?"

ఈ సంగతి ఇంకెవరికి చెప్పారని అడిగాను. మేనేజర్‌కు చెప్పాడట. ఇంటి వంటమనిషికి కూడా చెప్పాడట. వంటమనిషి ఉమ్ సాలిమ్‌కు చెప్పింది, అరబ్బీలో, 'సిహ్ర్' అనే మాట వాడి. ఆ మాటకు మంత్రప్రయోగం అని అర్థం. అది గల్ఫ్‌లో నవ్వుతూ అనేసే మాట కాదు. పోలీసు దాకా వెళితే ఏమవుతుందో మాలో ఎవరికీ సరిగా తెలియదు. తెలియకపోవడమే అసలు భయం.

అక్కడే నిలబడి మేనేజర్‌కు ఫోన్ చేశాను. అతను చెప్పింది క్లుప్తంగా ఉంది. ఆదివారం ఉమ్ సాలిమ్ ఇంట్లో మీటింగు. ఈలోగా కారణం నేను తేల్చి చెప్పాలి. తప్పు మస్తాన్‌ది అయితే కాన్సిల్ చేసి పంపేస్తాడు. కాన్సిల్ అంటే వీసా రద్దు. ఉద్యోగం, గది, తిండి ఒక్క సంతకంతో పోవడం. క్లయింటే పోలీసులకు చెబితే ఇక తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. అప్పటికి బుధవారం మధ్యాహ్నమైంది.

పికప్ దగ్గరికి వెళ్ళి మస్తాన్‌ని అడిగాను, ఇది నీదేనా అని.

"నాదే మేడమ్."

"మట్టిలో ఎందుకు పెట్టావు?"

"మచ్చలొచ్చినాయి గదా మేడమ్. కోటన్న మందు గొట్టినాడు, ఇంకా ఎక్కువైనాయి. చెట్లు పోతే నా డ్యూటీ పోతాది. మా ఇంట్లో ఆమె దర్గాలో కట్టించి పంపిన తాయెత్తు. ఇన్నేండ్లు నన్ను కాపాడింది, చెట్లను గూడ కాపాడ్తాదేమో అని పెట్టినా."

"కాపాడిందా?"

"యాడ మేడమ్. అది పెట్టినాకనే గదా నన్ను పట్టుకునింది."

నాకు కోపం వచ్చింది. కోటేశ్వరరావు మీద కాదు, మస్తాన్ మీదే. వ్యవసాయ కళాశాలలో చదువుకునే రోజుల్లో హేతువాద చర్చాగోష్ఠుల్లో నేను తాయెత్తుల మీద గొంతు పోయేలా మాట్లాడిన దాన్ని. రేకు గొట్టంలో చుట్టిన కాగితం జ్వరాన్ని తగ్గించదు, పరీక్ష గట్టెక్కించదు, పంట పండించదు అని. ఇప్పుడు ఆ రేకు గొట్టమే ఒక మనిషి మెడకు చుట్టుకుంది. పెట్టింది అతనే. భయంతో తన మీద తనే సాక్ష్యం తయారుచేసి మట్టిలో పాతిపెట్టాడు.

కానీ వాదం రెండు వైపులా ఒకటే కదా. మేలు చేసే శక్తి లేని వస్తువుకు కీడు చేసే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? తాయెత్తును నమ్మే మస్తాన్, తాయెత్తుకు భయపడే కోటేశ్వరరావు ఒకే బడిలో ఒకే పాఠం చదువుకున్నవాళ్ళు. ఆ మాట నాకు తెలిస్తే చాలదు. భయపడిన వాళ్ళకు 'ఇది కారణం కాదు' అని చెబితే వినరు. 'ఇదిగో కారణం' అని చూపించాలి. చూపించేదాకా ఆ ఖాళీలో తాయెత్తు అలాగే ఉంటుంది.

మళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను.

ఈ జాతి మొక్కకు ఒక దురలవాటు ఉంది. ఎక్కడ ఏ గాయమైనా ఎర్రబడుతుంది. దుంప మెడలో కంటికి కనపడని నల్లి చేరినా ఎరుపే, శిలీంధ్రం పట్టినా ఎరుపే, మందు కాల్చినా ఎరుపే, గోటితో గిల్లినా ఎరుపే. కాబట్టి ఎరుపు దేనికీ సాక్ష్యం కాదు. ఆ ఎరుపు ఎలాంటి ఆకారంలో ఉంది, ఆకు మీద ఎక్కడ మొదలైంది, పక్క మొక్కల మీద కూడా ఉందా అని చూడాలి.

ముందు ఒక దుంప తవ్వి నిలువుగా కోశాను. అడుగు భాగం గట్టిగా, తెల్లగా ఉంది. కుళ్ళు కాదు. మెడ పొరలు విడదీసి పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూశాను. నల్లి లేదు. ఇక ఆకులు. అక్కడ నాకు ఒకటి కాదు, రెండు రకాల మచ్చలు కనిపించాయి.

మొదటి రకం పొడుగాటి మచ్చలు. అంచులు కాస్త ఉబ్బి, మచ్చ ఉన్న చోట ఆకు పక్కకు వంగిపోయి ఉంది. పాత ఆకులకూ ఉన్నాయి, కొత్త ఆకులకూ ఉన్నాయి, పైకి వస్తున్న పూకాడకూ ఉన్నాయి. రెండో రకం ఆకు పైవైపు మాత్రమే, నీటి చుక్కలు నిలిచే కొసల్లో, తుప్పు రంగులో కాలినట్టు ఉన్న మరకలు. వాటి పక్కనే ఒక మందార ఉంది. దాని ఆకుల మీద మొదటి రకం ఒక్కటీ లేదు. రెండో రకం బోలెడు.

మా వృత్తిలో మొదట నేర్పే విషయం ఇదే. ప్రాణం ఉన్న తెగులు తనకు నచ్చిన మొక్కను ఎంచుకుంటుంది. రసాయనం ఎంచుకోదు, పడిన చోటల్లా కాలుస్తుంది. అంటే ఇక్కడ రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకటి జబ్బు, ఒకటి మందు.

ఏం కొట్టారని కోటేశ్వరరావుని అడిగాను.

"వేపనూనె అండీ. వేప కదండీ, ఏం జేస్తదండి?"

"ఇంకా?"

"కాస్త గంధకం కూడానండి. రోజాలకి మీరు రాసిచ్చినదాంట్లో మిగిలిందండి."

"రెండూ ఒకే ట్యాంకులోనా?"

"మిరపకి అట్టాగే కొడతాం కదండీ. మనిషికి పని కలిసొస్తది, మందుకి బలం వస్తది."

గంధకం మీద నూనె పడకూడదు, నూనె మీద గంధకం పడకూడదు. రెంటికీ మధ్య వారాల ఎడం ఉండాలి. కలిపి కొడితే నూనె ఆ గంధకాన్ని ఆకు లోపలికి దింపుతుంది, ఆకు కాలుతుంది. ఇది డబ్బా మీదే రాసి ఉంటుంది. కానీ వేపనూనె 'సహజం' అనే వరసలో ఉంది కాబట్టి దానికి నా సంతకం అక్కర్లేదు, కాబట్టి ఎవరూ డబ్బా చదవరు. వేప అంటే మనవాళ్ళకు దేవత. వేప ఎప్పుడూ మంచే చేస్తుందని నమ్మేవాడికి, తాయెత్తు ఎప్పుడూ చెడే చేస్తుందని నమ్మేవాడికి తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత మోతాదు, ఎప్పుడు, దేనితో కలిపి అనే ప్రశ్నలు మానేసిన చోట ప్రతి మందు సీసా తాయెత్తే. ఈ ముక్క అక్కడే అనేశాను. కోటేశ్వరరావు ముఖం మాడిపోయింది.

"మరి మొదటి మచ్చలు నేను మందు కొట్టక ముందే వచ్చినయ్యి కదండీ. వాటి సంగతేందండి?" అన్నాడు.

ప్రశ్న సరైనదే. కాలిన మరకలకు జవాబు దొరికింది గానీ, అసలు మచ్చలకు దొరకలేదు. నా అనుమానం ఎర్రమచ్చ తెగులు. అది ఒక శిలీంధ్రం. దుంప ఎండు పొరల్లో నిద్రపోతూ వస్తుంది. ఆకు లేస్తుంటే దానితో పాటు పైకి వస్తుంది. తడి దొరికితే చుక్క చుక్కకూ చిమ్మి పక్క మొక్కకు పాకుతుంది. మస్కట్‌లో వాన ఎక్కడిది, తడి ఎలా దొరికింది? మస్తాన్‌నే అడిగాను, నీళ్ళు ఎలా పెడుతున్నావని.

"డ్రిప్పు ఉండాది మేడమ్. అది గాక దినామూ సాయంత్రం పైపుతో ఆకులన్నీ కడుగుతా. ముందర రోడ్డు పని జరుగుతాండాది గదా, ఒకటే దుమ్ము. ఒక్క దినం గూడ ఇడిసిపెట్టలే" అన్నాడు, కాస్త గర్వంగానే.

సాయంత్రం తడిపిన ఆకు తెల్లారేదాకా ఆరదు. ఒక ఆకు మీది తెగులును పైపు నీళ్ళతో మడంతా చల్లింది అతనే. నేను నిజం చెబితే ఆ నిజంలో అతనూ ఉంటాడు. 'చూశారా, చేసింది మస్తానే' అనడానికి ఆ ఒక్క వాక్యం చాలు. చెప్పకుండా దాటేస్తే నాకూ, డబ్బా చదవకుండా మందు కొట్టినవాడికీ తేడా ఉండదు.

ఇంటికి వెళ్ళే దారిలో ఒక సంగతి తట్టింది. అక్టోబరులో దుంపలు ఒక్క బౌషర్‌కే వచ్చాయా? స్టోర్‌కీపర్‌కు ఫోన్ చేశాను. కాదట. అదే సరుకులో సగం కొండల అవతల, రెండు గంటల దారిలో ఉన్న ఇబ్రాలో మేము చూసుకునే ఒక ఫామ్‌హౌస్‌కు పంపారట. మస్తాన్ ఇబ్రా ముఖం చూసినవాడు కాదు. అక్కడ తాయెత్తు లేదు. కోటేశ్వరరావు మందు లేదు. జబ్బు దుంపతో పాటు వచ్చి ఉంటే ఇబ్రాలోనూ మచ్చ ఉండాలి. లేకపోతే నా వాదం అక్కడితో ఆఖరు. అప్పుడు బౌషర్ మట్టిలోనే ఏదో జరిగిందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

గురువారం ఉదయం కంపెనీ డ్రైవర్‌తో బయల్దేరాను. కొండల మధ్య రోడ్డు. దారిలో మేనేజర్ ఫోన్ చేశాడు. ఉమ్ సాలిమ్ మస్తాన్ పతాకా నంబరు అడిగారట. పతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు. ఎందుకు అడిగారని అంటే, తను అడగలేదన్నాడు. నంబరు ఇచ్చారా అంటే, క్లయింటు అడిగితే ఇవ్వనంటానా అన్నాడు. ఆ తరువాత ఇబ్రా వచ్చేదాకా డ్రైవర్ రెండుసార్లు నన్ను పలకరించాడట. నేను విన్న గుర్తు లేదు.

ఫామ్‌హౌస్‌లో ఒక బంగ్లాదేశీ తోటమాలి ఉన్నాడు. హిందీలో మాట్లాడాడు. "సబ్ ఠీక్ హై మేడమ్, ఏక్ దమ్ ఫస్ట్ క్లాస్" అంటూ లిల్లీల దగ్గరికి తీసుకెళ్ళాడు. నిజంగానే ఫస్ట్ క్లాస్. ఖర్జూరాల నీడలో వరసగా, పచ్చగా, నిటారుగా ఉన్నాయి. కాలిన మరక ఒక్కటి లేదు. ఎర్రమచ్చ ఒక్కటి లేదు. వరస చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను. ఏమీ లేదు. నా ఉద్యోగ జీవితంలో ఒక తోట ఆరోగ్యంగా ఉందని బాధపడింది ఆ ఒక్కరోజే.

మందేమైనా కొట్టారా అని అడిగాను. లేదు. పైపుతో ఆకులు కడుగుతారా? ఎందుకు కడగాలి, డ్రిప్పు ఉంది కదా అన్నాడు. మస్తాన్ అనే మనిషి ఇక్కడికి ఎప్పుడైనా వచ్చాడా?

"మస్తాన్ కౌన్ హై?" అని నన్నే ఎదురు అడిగాడు.

వెళ్ళిపోదామని లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. శాస్త్రం ఏం చెబుతోంది? ఈ తెగులు దుంపలో మొదలవుతుంది, తడి ఉంటేనే పైకి పాకుతుంది. ఇక్కడ తడి లేదు. అయితే ఆకు మీద వెతకడం నా పొరపాటు. ఆకు మొదట్లో, మట్టికి ఆనుకుని పొరలు ఒకదాన్నొకటి కప్పుకునే చోట చూడాలి. ఒక మొక్క మెడ చుట్టూ మట్టి తీసి, బయటి ఆకును మెల్లగా విడదీశాను. లోపల సన్నగా ఎర్రటి గీత. పక్క మొక్కలోనూ అదే. మూడోదానిలో లేదు. నాలుగోదానిలో ఉంది. నాలో నేనే లెక్క చెప్పుకుంటూ ఐదోదాని మట్టి తీశాను. తోటమాలి నీళ్ళ సీసా అందిస్తూ ఎండ దెబ్బ తగిలిందేమో అన్నాడు.

ఎరుపు దేనికీ సాక్ష్యం కాదని బౌషర్‌లో చెప్పినదాన్ని, ఇబ్రాలో ఎరుపు దొరకగానే గెలిచానని అనుకోవడానికి లేదు. ఆ గీతలున్న ముక్కలు కోసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ మీద పరిచి మూత పెట్టాను. బౌషర్ ఆకులు ఇంకో డబ్బాలో అప్పటికే ఉన్నాయి. దీన్ని తేమ గది పరీక్ష అంటాం. శిలీంధ్రం నిజంగా ఉంటే ఆ తేమకు లేచి మచ్చ మీద నల్లటి పొక్కులు వేస్తుంది. మందు కాల్చిన మరక మీద వెయ్యదు. అదొక్కటే చూడాలి. అది దాని వేళకు అది లేస్తుంది, మన మీటింగు కోసం లేవదు.

శుక్ర, శనివారాలు సెలవు. డబ్బాలు ఇంట్లో వంటగట్టు మీద పెట్టుకున్నాను. మాటిమాటికీ మూత తీస్తే లోపలి తేమ పోతుంది. తెలిసీ తీశాను. శుక్రవారం ఏమీ లేదు. మస్తాన్ రూమ్ నుంచి ఫోన్ చేశాడు. రూములో అతని పక్క మంచం వాళ్ళు మంచం మార్చుకున్నారట. వంట కూడా విడిగా చేసుకోమన్నారట. "తాయెత్తు నా మెడలో ఉన్నన్ని దినాలు ఎవురూ ఏమీ అనలే మేడమ్" అన్నాడు. తిన్నావా అని అడిగాను. తిన్నానన్నాడు. నమ్మలేదు.

శనివారం మధ్యాహ్నం బౌషర్ డబ్బాలో పొడుగు మచ్చల మీద నల్లటి చుక్కలు లేచాయి. కాలిన మరకలు అలాగే ఉన్నాయి. ఇబ్రా డబ్బాలో ఏమీ లేదు. సాయంత్రానికి ఇబ్రా ముక్కల్లో ఒకదాని మీద మిరియపు పొడి రాలినట్టు కనిపించింది. మొదట అది మట్టేమో అనుకున్నాను. తడి దూదితో తుడిచాను. పోలేదు. ఆఫీసు తాళం తెప్పించుకుని మైక్రోస్కోపు కింద పెట్టాను. రెండు డబ్బాల నుంచి తీసిన శిలీంధ్ర బీజాలదీ ఒకటే ఆకారం, మధ్యలో అవే అడ్డగోడలు. ఎర్రమచ్చ తెగులే.

ఆదివారం ఉదయం ఉమ్ సాలిమ్ ఇంటి మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పెద్దగదిలో మీటింగు. ఖర్జూరాలు, ఖహ్వా అనే అరబ్బీ కాఫీ ఇచ్చారు. మేనేజర్, కోటేశ్వరరావు, నేను. మస్తాన్ని గుమ్మం బయట నిలబెట్టారు. బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాను. తాయెత్తు కూడా ఆ టిష్యూతో సహా మధ్యలో ఉంది.

ఉమ్ సాలిమ్ ఇంగ్లీషులో మాట్లాడారు. ఆకులు రక్తం కారుస్తాయని తను నమ్మడం లేదన్నారు. కానీ తన మట్టిలో తనకు చెప్పకుండా ఏదో పాతిపెట్టిన మనిషిని ఇంట్లో ఎలా ఉంచుకోవాలో చెప్పమన్నారు.

ముందు డబ్బాలు చూడమన్నాను. భూతద్దం ఇస్తే, అది పట్టుకున్న తీరులోనే ఆమె పాత సైన్సు టీచరని తెలిసింది. ఏది ఎక్కడిదో చెప్పాను. ఒకే సరుకు, రెండు ఊళ్ళు. ఇబ్రాలో మస్తాన్ లేడు. ఇబ్రాలో తాయెత్తు లేదు. తెగులు ఉంది. అంటే తెగులు దుంపతో వచ్చింది. దుంపలు తెచ్చింది మా కంపెనీ. మేనేజర్ ఖహ్వా గిన్నె కింద పెట్టాడు. కాలిన మరకలు ఇబ్రాలో లేవు, బౌషర్‌లో ఉన్నాయి. కలిపి కొట్టిన మందు ఇక్కడ ఉంది, అక్కడ లేదు. కోటేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆమె రెండు డబ్బాలనూ పక్కపక్కన జరిపి మళ్ళీ చూశారు. నేను భయపడుతున్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

"ఇబ్రాలో సన్నటి గీత. నా ఇంట్లో ఆకు నిండా మచ్చలు. ఇంత తేడా ఎందుకు, దక్తూరా?"

దక్తూరా అంటే డాక్టరమ్మ. గుమ్మం బయట మస్తాన్ నీడ కదిలింది. అతనికి ఇంగ్లీషు అంతగా రాదు గానీ, గొంతుల్లో మార్పు తెలుస్తుంది.

నీళ్ళ వల్ల అన్నాను. రోజూ సాయంత్రం పై నుంచి పైపుతో ఆకులు కడిగితే తెగులు చిమ్మి పాకుతుంది. కడిగింది మస్తాన్.

మేనేజర్ వెంటనే అందుకున్నాడు. అయితే తప్పు అతనిదే కదా అన్నాడు. కోటేశ్వరరావు కిటికీ వదిలి మావైపు తిరిగాడు. ఎవరు కడగమన్నారో అడగాలని నోరు తెరిచాను. ఉమ్ సాలిమ్ భూతద్దం బల్ల మీద పెట్టారు.

"కడగమన్నది నేను. దుమ్ము కనిపిస్తే ఊరుకోనని చెప్పాను" అన్నారు.

ఆమె మస్తాన్‌ని లోపలికి పిలిచి, తాయెత్తు చూపించి, వచ్చీరాని హిందీలో ఎందుకని అడిగారు. అతను నాతో చెప్పిన మాటే చెప్పాడు. మొక్కలు బాగుపడాలని పెట్టానని. నాకు ఎందుకు చెప్పలేదని ఆమె అడిగారు. "చెప్తే తీసెయ్యమంటారు గదా మామా" అన్నది అతని జవాబుకు నేను చేసిన అనువాదం. గల్ఫ్‌లో పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. పోలీసు మాట ఎత్తలేదు. పతాకా నంబరు ఎందుకు అడిగారో నేను అడగలేదు.

మేనేజర్ తన పద్ధతిలో ముగించాడు. కాన్సిల్ లేదు. అయితే మస్తాన్ బౌషర్‌లో ఉండకూడదు, ఆ ఇంటి వంటమనిషి అతను గేటు దాటితే తను వెళ్ళిపోతానంది. అతన్ని ఇబ్రా ఫామ్‌హౌస్‌కు మార్చారు. అది న్యాయమేమీ కాదు. నేను అభ్యంతరం చెప్పాను, నెగ్గలేదు. కోటేశ్వరరావుకు ఒక హెచ్చరిక. ఆ రోజు నుంచి వేపనూనెకూ నా సంతకం కావాలని రూలు.

బయట పికప్ దగ్గర తాయెత్తు మస్తాన్ చేతిలో పెట్టాను.

"కట్టుకోవచ్చునా మేడమ్?"

"నీ ఒంటి మీద కట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. నన్నడిగితే పారెయ్యమంటాను. మట్టిలో మాత్రం పెట్టకు."

"ఇంగ పెట్టను మేడమ్" అని జేబులో వేసుకున్నాడు. కోటేశ్వరరావు ఎటో చూస్తూ, "ఏం సాయిబూ, ఇబ్రాలో ఖర్జూరాలు బాగుంటయ్యంట, పంపియ్యి మాకు" అన్నాడు. అతని పద్ధతిలో అదే క్షమాపణ అనుకుంటాను. మస్తాన్ పికప్ ఎక్కి తలుపు వేసుకున్నాడు.

చికిత్స రెండు చోట్లా ఒకటే చేశాం. మచ్చ ఉన్న ఆకులను పొడి వేళలో కోసి, ఎరువు గుంతలో వెయ్యకుండా సంచుల్లో కట్టి తోట దాటించాం. కత్తిని మొక్క మొక్కకూ స్పిరిట్‌తో తుడిచాం. దుంప మెడ గాలికి తెరిచి ఉండేలా మట్టి తీశాం, మొక్కల మధ్య ఎడం పెంచాం. బౌషర్‌లో పైపు పూర్తిగా మాన్పించి, డ్రిప్పు మాత్రం పొద్దున పూట ఉంచాం. దుమ్ము ఉంటే ఉండనీ అని ఉమ్ సాలిమ్ ఒప్పుకున్నారు. కాలిన ఆకులు ఆరి కొత్త ఆకు వచ్చేదాకా ఏ మందూ కొట్టనివ్వలేదు. ఆ తరువాత తెగులుమందు ఒక్కటే, దేనితోనూ కలపకుండా. దుంపలకు వేడినీళ్ళ శుద్ధి అవి నిద్రలోకి వెళ్ళే కాలానికి వాయిదా వేశాం. లేత ఆకుతో ఉన్న దుంపను వేడినీళ్ళలో ముంచితే తెగులుకంటే ముందు అదే పోతుంది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం కోటేశ్వరరావు ఫోన్ చేశాడు.

"మేడమ్ గారూ, ఇబ్రాలో లిల్లీలు విరగబూసినయ్యంటండి. సాయిబు తాయెత్తు మహిమని రూముల్లో ఒకటే చెప్పుకుంటున్నారండి. ఇప్పుడు అందరూ వాడి పక్కన మంచం కావాలంటారేమో."

బౌషర్ సంగతేమిటని అడిగాను.

"ఇక్కడ కాస్త తక్కువేనండి, కానీ పూసినయ్యండి. మామా సంతోషంగానే ఉన్నారండి."

బౌషర్‌లో ఇప్పుడు తాయెత్తు ఉందా అని అడిగాను.

"లేదండి" అన్నాడు.

ఎవరి మీదైనా నింద పడితే, ఆ మనిషి లేని చోటికి వెళ్ళి చూడాలి. ఎవరికైనా ఘనత దక్కినా అదే చెయ్యాలి. ఉద్యోగంలో నేను నేర్చుకున్న రోగనిర్ధారణ అంతా ఈ రెండు మాటల్లో ఉంది. మొదటిదానికి ఇబ్రా దాకా వెళ్ళి రావాల్సి వచ్చింది. రెండోదానికి ఫోన్లో ఒక్క ప్రశ్న సరిపోయింది.